టీకాకు గడువు ఉన్నదా? – మశూచి మచ్చ నుండి హజ్ సర్టిఫికెట్ దాకా

మన ఇళ్లలో యాభై దాటిన పెద్దల చేతిమీద గుండ్రటి మచ్చ ఒకటి, కొందరికి రెండు, ఇప్పటికీ కనిపిస్తాయి. అది మశూచి టీకా గుర్తు. మన ఇళ్లలో ఆ జబ్బును చేచక్ అన్నారు, ఊళ్లో అమ్మవారు పోసిందన్నారు. ఆ టీకా మళ్లీ ఎప్పుడైనా వేయించుకున్నారా అని అడిగి చూడండి. "ఒకసారి పడితే చాలు గదా" అన్న జవాబే వస్తుంది, వాకాడులోనైనా నెల్లూరులోనైనా. ఈ "ఒకసారి చాలు" అనే మాట ఎక్కడిది, అది ఎంతవరకు నిజం అనేది చరిత్రలో వెదకవలసిన సంగతి.

మశూచి వేరు, తట్టు వేరు అని విడదీసి గ్రంథం వ్రాసిన హకీము అబూ బక్ర్ అల్ రాజీ (865–925). ఒకసారి మశూచి వచ్చిపోయినవానికి మళ్లీ ఎందుకు రాదని ఆయన ఆలోచించాడు. రక్తంలోని తేమ పొంగి బయటికి పోతుంది, పోయిన తరువాత పొంగడానికి ఇంకేమీ మిగలదు అని ఆయన ఊహ. ఆ ఊహ ఈనాడు నిలవదు గాని ప్రశ్న మాత్రం సరైనదే. జబ్బు వచ్చి తగ్గితే కలిగే రక్షణ కొన్ని జబ్బులలో నిజంగానే జీవితకాలం ఉంటుంది. 1846లో ఫేరో దీవులలో తట్టు చెలరేగినప్పుడు పానుం అనే డేనిష్ వైద్యుడు ఇల్లిల్లూ తిరిగి చూశాడు. 1781లో తట్టు వచ్చి తగ్గిన ముసలివారికి, అరవైఐదేళ్ల తరువాత కూడా, అది మళ్లీ రాలేదు.

టీకా సంగతి అంత సులువు కాదు. ఆవు మశూచి నుండి టీకా పద్ధతిని నిరూపించిన ఎడ్వర్డ్ జెన్నర్, 1798లో అచ్చువేసిన పుస్తకంలో, దీనిని పొందినవాడు బ్రతికినంతకాలం క్షేమమని వ్రాశాడు. ఆ మందు మన దేశానికి వచ్చిన దారి చూడండి: వియన్నా నుండి బాగ్దాదు, బాగ్దాదు నుండి బస్రా, అక్కడి నుండి ఓడలో బొంబాయి. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల పాపకు మొదటి టీకా పడింది. ఆ ఏడే మద్రాసుకూ చేరింది. మన నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే. ఆ రోజుల్లో ఒకరి చేతి పొక్కులోని రసి తీసి మరొకరి చేతికి ఎక్కించేవారు. తరువాత దూడల నుండి తీసే మందు వచ్చింది. దానిని తయారు చేయడానికే 1899లో మద్రాసు పక్కన గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు.

ఇంతలో ఐరోపాలో వింత కనిపించింది. చిన్నప్పుడు టీకా పడినవారికే పెద్దయ్యాక మశూచి వస్తున్నది. జెన్నర్ మాట తప్పా? పూర్తిగా తప్పు కాదు, అలా వచ్చినవారికి జబ్బు తేలికగానే పోయేది. కాని రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ పలచబడుతుందని తేలింది. వుర్టెంబర్గ్ రాజ్యం 1829లోను, ప్రష్యా 1834లోను తమ సైనికులకు రెండోసారి టీకా వేయడం మొదలుపెట్టాయి. 1870–71 యుద్ధంలో ఫ్రెంచి సైనికులు మశూచితో వేలల్లో చనిపోతే, జర్మను సైన్యంలో ఆ లెక్క వందల్లోనే ఆగింది. 1874లో జర్మనీ చట్టమే చేసింది: పసితనంలో ఒకసారి, పన్నెండో ఏట మళ్లీ. బూస్టర్ అన్న మాట అప్పటికింకా పుట్టలేదు గాని పని మాత్రం అదే.

ఇక మనకు బాగా తెలిసిన కాగితం దగ్గరికి వద్దాము. హజ్‌కు పోయే మన పెద్దలు బొంబాయిలో ఓడ ఎక్కేవారు. ఆ ఓడలు 1995 దాకా నడిచాయి. వారి సంచిలో పాసుతో పాటు టీకాల సర్టిఫికెట్ కూడా ఉండేది. 1951 నాటి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం మశూచి టీకాకు మూడేళ్లు, కలరా సూదికి ఆరు నెలలు చెల్లుబాటు. 1865 హజ్‌లో కలరా పుట్టించిన భయం దేశదేశాలకూ గుర్తుంది మరి. అయితే ఆ కలరా సూది రక్షణ కొద్దికాలమే, అది జబ్బును ఒక దేశం నుండి మరో దేశానికి పాకకుండా ఆపనూలేదు. అందుచేత 1973లో ప్రపంచ ఆరోగ్య సభ ఆ నిబంధనను తీసివేసింది. మశూచి 1980లో లోకం నుండే పోయిందని ప్రకటించారు, దానితో ఆ సర్టిఫికెట్ పనీ తీరింది.

1987 హజ్ తరువాత మెనింజైటిస్, అనగా మెదడు పొరల వాపు, యాత్రికులతో పాటు వారి దేశాలకు చేరింది. అప్పటి నుండి సౌదీ ప్రభుత్వం టీకా తప్పనిసరి చేసింది. ఆ టీకా "ఎ" రకానికి పనికివచ్చేది. 2000 హజ్‌లో డబ్ల్యు-135 అనే వేరే రకం వచ్చింది. 2002 నుండి నాలుగు రకాలకూ పనిచేసే టీకా కావాలన్నారు. "క్రిందటిసారి ఉమ్రాకు వేయించుకున్నాము గదా, మళ్లీ ఎందుకు?" అని అడిగేవారికి జవాబు ఆ టీకా జాతిలో ఉన్నది. పాత రకం టీకా సూక్ష్మజీవి పైపొరలోని చక్కెర పదార్థంతో మాత్రమే చేసినది. శరీరం దానికి ప్రతిరక్షకాలు తయారు చేస్తుంది గాని జ్ఞాపకం గట్టిగా పెట్టుకోదు. అందుకే మూడేళ్లు. కొత్త రకంలో ఆ చక్కెరను మాంసకృత్తికి జోడించారు, జ్ఞాపకం మెరుగు, దానికి ఐదేళ్లు. మన చేతికి ఏది పడిందో కాగితంలో చూసుకోవలసిందే.

జ్ఞాపకం ఉన్నా కొన్నిటికి బూస్టర్ ఎందుకు? టీకా తరువాత రక్తంలో ప్రతిరక్షకాలు పెరిగి, క్రమంగా దిగిపోతాయి. జ్ఞాపక కణాలు మిగిలి ఉంటాయి, కాని అవి లేచి మళ్లీ సైన్యం కట్టడానికి కొన్ని రోజులు పడుతుంది. హెపటైటిస్-బి నెలల తరబడి నిదానంగా వచ్చే జబ్బు, అంత వ్యవధి దొరుకుతుంది, కనుక మామూలు మనుషులకు మళ్లీ టీకా అక్కరలేదు. మెనింజైటిస్, కంఠసర్పి అంత వ్యవధి ఇవ్వవు.

గడువు పెరిగిన టీకా కూడా ఉన్నది. పచ్చ జ్వరం టీకా సర్టిఫికెట్ పదేళ్లకు అని ఉండేది. ఒక డోసు జీవితాంతం చాలునని తేలాక, 2016 జూలై నుండి బ్రతికినంతకాలం చెల్లుతుందన్నారు. ఇదంతా మందుల కంపెనీల ఎత్తు అనేవారు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం.

కోవిడ్ మనకు నిన్నటి మాట. 2022 జనవరి 10న వైద్య సిబ్బందికి, జబ్బులున్న అరవై దాటినవారికి "ప్రికాషన్ డోసు" మొదలైంది. జూలై 15 నుండి పద్దెనిమిది దాటినవారందరికీ డెబ్భైఐదు రోజులు ఉచితంగా వేశారు. మధ్యలో ఏప్రిల్ 4న మన మండలం తిరుపతి జిల్లాలో చేరింది. అందుచేత మనవారిలో కొందరికి రెండో డోసు నెల్లూరు జిల్లాలో, మూడోది తిరుపతి జిల్లాలో పడింది, వారు ఊరు కదలకుండానే!

అన్నిటికంటె మనం పట్టించుకోవలసినది కంఠసర్పి. 2003–2006 మధ్య హైదరాబాదులో ఆ జబ్బు లెక్కలు పరిశీలించినవారు 2008లో ఎమర్జింగ్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ అనే పత్రికలో వ్రాశారు. జబ్బు పడినవారిలో ఎక్కువమంది పసిపాపలు కారు, బడి ఈడు పిల్లలు. ముస్లిం కుటుంబాలలో అది మిగతావారికంటె ఎక్కువగా ఉన్నది. బూస్టర్లు సరిగా పడకపోవడమే కారణం కావచ్చునని, ముస్లిం జనం మీద, బడి పిల్లల మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని వారు సూచించారు. ఇది చదివి నొచ్చుకోవడం కంటె ఇంట్లో కార్డు తీసి చూడటం మేలు. తల్లులు చంటిబిడ్డకు ఆరు, పది, పద్నాలుగు వారాల సూదులు వేయిస్తారు. ఒకటిన్నర ఏడు వచ్చేసరికి కార్డు బీరువాలోకి పోతుంది. 16–24 నెలల మధ్య ఒక డి.పి.టి. బూస్టర్, అయిదారేళ్లకు మరొకటి ఉన్నాయి. పదో ఏట, పదహారో ఏట టి.డి. సూది ఉన్నది. మునుపు ఆ వయసుల్లో ధనుర్వాతానికి మాత్రమే టి.టి. వేసేవారు. కంఠసర్పి పెద్ద పిల్లలకు వస్తున్నదని గ్రహించిన తరువాతే దాని స్థానంలో, రెండింటికీ పనిచేసే టి.డి. తెచ్చారు. గర్భిణులకూ ఇప్పుడు అదే. ఇవన్నీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. పదహారేళ్ల ఆడపిల్ల బడి మానేసి ఇంట్లో ఉంటే, బడిలో వేసే సూది ఆమెకు అందదు. ఆమెను వెంటబెట్టుకొని తీసుకుపోవలసింది ఇంటివారే.