జనాభా లెక్కల్లో ముత్తాత పేరు దొరుకుతుందా?

మన సంఘ సభ్యుల్లో చాలామంది సర్వీసులో ఉండగా జనాభా లెక్కల డ్యూటీ చేసినవారే. అందుకే కాబోలు, వంశవృక్షం రాద్దామని కూర్చున్న మనవలు "పాత సెన్సస్‌లో మనవాళ్ళ పేర్లు ఉండవా తాతయ్యా?" అని మనల్నే నిలదీస్తారు. అమెరికాలో ఉన్న పిల్లలైతే మరీను. అక్కడ 72 ఏళ్ళు నిండిన లెక్కల కాగితాలను పేర్లతో సహా బయటపెడతారు. 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. ఇంగ్లండులో ఆ గడువు నూరేళ్ళు.

మన దేశంలో ఎన్నేళ్ళు గడిచినా అవి రావు. 1881లో దేశమంతటా ఒకేసారి లెక్కలు తీశారు, నిజాం రాజ్యంలోనూ తీశారు. ఆనాటి నుంచీ పేర్లు రాసుకున్నది మనుషులను లెక్కపెట్టడానికే. అంకెలు తేలాక చీటీలకు కాలం చెల్లేది. పైగా 1948 నాటి సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఎన్యూమరేటరు రాసిన కాగితాలను చూపమని ఎవరూ అడగరాదు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు.

1981 ఫిబ్రవరిలో నేను శామీర్‌పేట వైపు ఒక ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగాను. అప్పటికది రంగారెడ్డి జిల్లా మేడ్చల్ తాలూకా. మనిషికొక చీటీ. ముసలివారిని వయసు అడిగితే "పోలీసు యాక్షన్ నాటికి నా కొడుకు పాకుతున్నాడు" అనేవారు. దాన్నిబట్టి మనం లెక్క కట్టుకోవాలి. ఆడవాళ్ళు భర్త పేరు నోట పలికేవారు కాదు, పక్కింటామె అందించేది. కట్టలు కట్టి అప్పగించాం. అంతే, ఆ పేర్లు మళ్ళీ ఎవరి కంటా పడలేదు.

మరి సెన్సస్ ఎందుకూ పనికిరాదా అంటే, ఊరి కథకు పనికొస్తుంది. నిజాం రాజ్యపు జనాభా 1911లో సుమారు 1 కోటి 33 లక్షలు, 1921కి 1 కోటి 24 లక్షలకు పడిపోయింది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా, కరువులు అందుకు ముఖ్య కారణాలు. మీ వంశంలో ఆ పదేళ్ళలో ఒక కొమ్మ ఎండిపోయిందంటే కారణం అక్కడ వెతకవచ్చు. 1951 తర్వాత జిల్లా సెన్సస్ పుస్తకాల్లో ఊరివారీగా అంకెలున్నాయి. అయితే జిల్లా పేరు చూసుకోవాలి. మేడ్చల్ తాలూకా నిజాం కాలంలో అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలోది, అంటే నిజాం సొంత సర్ఫెఖాస్ ఇలాకా. తర్వాత హైదరాబాదు జిల్లా, 1978 నుంచి రంగారెడ్డి, 2016 నుంచి మేడ్చల్-మల్కాజిగిరి.

పేర్లు కావాలంటే రెవెన్యూ రికార్డే దిక్కు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలుకు తహసీల్దారు కచేరీలో దరఖాస్తు పెట్టుకోవాలి. సర్వే నంబరు తెలిస్తే పని సులువు. పహాణీ మీద ఫసలీ సంవత్సరం ఉంటే 590 కలుపుకోవాలి, 1364 ఫసలీ అంటే 1954-55. కొన్ని ఊళ్ళవి ఉర్దూలో ఉంటాయి. ఆ గొలుసుకట్టు రాత చదవగలిగినవారు మనలో ఇప్పుడు ఎందరున్నారు? ఉన్నవారు దయచేసి అడిగినవారికి చదివిపెట్టండి. పట్టా లేని కుటుంబాలు నిరాశపడనక్కరలేదు. పహాణీలో సాగుదారుకు వేరే గడి ఉంది, 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల రిజిస్టరూ ఉంది.

మా తాత పేరు నాకు ఆ సాగుదారు గడిలోనే కనపడింది. పక్కన తండ్రి పేరు. మా ముత్తాత పేరు మా ఇంట్లో బతికున్న ఎవరికీ తెలియదు, పట్వారీ కలం వల్ల మిగిలింది. ఆ పొలం ఉన్న వైపు ఇప్పుడు ఔటర్ రింగు రోడ్డు పోతోంది.

ముత్తాత దొరికాడు గానీ ముత్తవ్వ దొరకలేదు. ఆమె పేరున గుంట భూమి లేదు, ఏ రిజిస్టరూ ఆమెను ఎక్కించుకోలేదు. 1911లోనో 1921లోనో ఆమె కూడా ఒక అంకె అయి ఉంటుంది, అంతే. చివరికి మా పెద్దమేనత్త చెప్పింది, తనకు పెట్టింది ఆమె పేరేనని. నాయనమ్మల పేర్లు ఆడపిల్లలకు పెట్టే మన ఆచారాన్ని కూడా ఒక రికార్డు కిందనే చూడాలి. ఇంట్లో ఒకే పేరు ఒక తరం విడిచి తిరిగి వస్తోందా చూడండి. భూమి లేని కుటుంబాలకు ఇదీ, ఊరి బడిలోని అడ్మిషన్ రిజిస్టరూ పెద్ద ఆధారాలు. బడి రిజిస్టరులో తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. ఆ తేదీని మాత్రం పూర్తిగా నమ్మకండి. జూలై 1న పుట్టినవాళ్ళు మన సంఘంలోనే ఎంతమంది ఉన్నారో చూడండి!

2021లో జరగవలసిన లెక్కలు ఆగి, 2027 మార్చి 1 తేదీని ప్రాతిపదికగా పెట్టుకొని జరుపుతామని కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. అందులో చెప్పే వివరాలు కూడా మన మనవల కంట పడేవి కావు. ఎన్యూమరేటరుకు చెప్పిన వివరాలనే ఒక నోటుపుస్తకంలో రాసి ఇంట్లో ఉంచుకోండి. కోడళ్ళ పుట్టింటి ఊరు, వాళ్ళ తల్లుల పేర్లు కూడా అందులో చేర్చండి.