ఫిలింనగర్ వెనుక ఆడవారి కష్టం

ఫిలింనగర్ అనగానే మన పిల్లలకు హీరోల బంగళాలు గుర్తుకొస్తాయి. చరిత్ర రాయబూనిన వారికి మాత్రం, తెల్లవారుతూనే షేక్‌పేట, టోలీచౌకి వైపు నుంచి ఆ గుట్టలెక్కే ఆడవారు కూడా కనబడాలి. వారి గురించే ఈ సంచికలో నాలుగు మాటలు మనవి చేయదలిచాము.

ఒకప్పుడు తెలుగు సినిమా అంటే మద్రాసే. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు ఇక్కడ అన్నపూర్ణ స్టూడియో తెరిచారు. అప్పుడిదంతా ఉత్త రాళ్లూ రప్పలూ. ఆ తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వెలిశాయి. స్టూడియోల వెంట బంగళాలు, బంగళాల వెంట అంట్లు తోమే పని, వంటపని, పసిపిల్లల్ని ఆడించే పని వచ్చాయి.

సినిమాలో ఆడవారు రాణించలేదని మేము అనడం లేదు. విజయనిర్మలగారు 44 సినిమాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ పుస్తకానికెక్కారు. అయితే అలాంటివారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బొంబాయిలో మేకప్ వారి సంఘం దశాబ్దాల తరబడి ఆడవారికి మేకప్ కార్డే ఇవ్వలేదు. తల దువ్వే పనికి మాత్రం ఇచ్చేది. ఆడవారొస్తే మగవారి పొట్ట కొట్టినట్లవుతుందట! చారు ఖురానా అనే కళాకారిణి కోర్టుకెక్కగా, 2014 నవంబరు 10న సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లదన్నది. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. అంటే మధ్యలో 38 ఏళ్లు గడిచిపోయాయి.

ఇక ఆరోగ్యం సంగతి. 1961 నాటి ప్రసూతి చట్టంలో ఉన్న 12 వారాల సెలవును 2017లో 26 వారాలు చేశారు. వినడానికి బాగానే ఉంది. కాని ఆ సెలవు దక్కాలంటే, కాన్పుకు ముందు 12 నెలల్లో ఒకే యజమాని దగ్గర 80 రోజులు పని చేసి ఉండాలి. ఈ వారం ఒక కంపెనీ, పై వారం ఇంకో కంపెనీ అని తిరిగే జూనియర్ ఆర్టిస్టుకు ఆ లెక్క ఎలా కుదురుతుంది? ఊరి బయట షూటింగైతే మరుగు ఉండదు. అందుకని పొద్దస్తమానం నీళ్లు తాగకుండా ఉంటారు. దానివల్ల మూత్రంలో మంట, జ్వరం. ఇలాంటివి ఇంట్లో కూడా నోరు తెరిచి చెప్పుకోరు.

2018లో ఫిలింనగర్‌లోనే ఒక నటి నడివీధిలో నిరసన తెలిపింది. వేధింపుల విచారణకు 2019లో కమిటీ వేశారు. 2022లో నివేదిక ప్రభుత్వానికి అందింది. కేరళ హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటికొచ్చాక, ఇక్కడి నివేదికను కూడా ప్రకటించండని నటి సమంత కోరారు. చాలామందికి తెలియని ముక్క ఒకటుంది: 2013 నాటి వేధింపుల నిరోధక చట్టం ఇళ్లలో పనిచేసే ఆడవారికీ వర్తిస్తుంది. అది స్టూడియోలకే అనుకోకండి.

జీతం రాని పని సంగతి కూడా చెప్పాలి. 2019లో దేశమంతటా సర్కారు తీసిన లెక్కలో, ఇంటిపని చేసే ఆడవారు రోజుకు 299 నిమిషాలు, చేసే మగవారు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్లు తేలింది. మగవారిలో అసలు చేసేవారే నాలుగింట ఒక వంతు. ఈ పనికి సెలవూ లేదు, జ్వరమొస్తే బదులు మనిషీ లేదు.

మొన్న బడిలో పిల్లల్ని చేర్చుకునేటప్పుడు ఒక తండ్రి వచ్చాడు. తల్లి ఏం చేస్తుందని అడిగాము. "కుఛ్ నహీ సాబ్, ఇంట్లోనే ఉంటది" అన్నాడు. పక్కనున్న పిల్ల మెల్లగా, "అమ్మీ జూబ్లీహిల్స్‌లో నాలుగిళ్లల్లో చేస్తది సార్, వచ్చినంక మా ఇంట్లో చేస్తది" అన్నది. రిజిస్టర్లో తల్లి వృత్తికి ఒక్కటే గడి ఉంది. పిల్ల చెప్పిందంతా అందులో పట్టలేదు, పక్కన అంచులో రాశాము.