కంప్యూటరు కవిలెకట్ట

గాదెలో గింజ చెడకపోయినా, లెక్క చెడితే కొట్టు చెడినట్లే. ఎవరి ధాన్యం ఏ గాదెలో ఉన్నదో తెలిపే పుస్తకం తారుమారైతే నిండు గాదెలు కూడా నిరుపయోగమవుతాయి. కంప్యూటరు డిస్కు విషయమూ ఇంతే. మనం దాచుకొన్న ఉత్తరాలు, ఛాయాచిత్రాలు, పద్దులు అన్నీ డిస్కు మీద చిన్న చిన్న ఖండాలుగా ఉంటాయి. ఏ ఖండం ఏ ఫైలుకు చెందినదో, ఏది ఖాళీగా ఉన్నదో తెలిపే లెక్కల వ్యవస్థకు ఫైల్ సిస్టమ్ అని పేరు. ఆ లెక్క తప్పినప్పుడు తప్పును పట్టుకొని దిద్దే సాధనం ఎట్లా పుట్టి పెరిగినదో చూద్దాం.

పూర్వం మన గ్రామాలలో కరణంగారి కవిలెకట్టను ఏటా జమాబందీలో పరిశీలించేవారు. ఒక లెక్కను మరొక లెక్కతో సరిపోల్చడం అందులో ముఖ్యమైన పని. ఒకే భూమి ఇద్దరి పేర వ్రాసి ఉన్నా, మొత్తాలు కలియకపోయినా ఎక్కడో పొరపాటు జరిగినదని తెలిసిపోయేది. ఒకే విషయం రెండు చోట్ల వ్రాసి ఉండడం వల్లనే తప్పు బయటపడుతుంది. డిస్కు తనిఖీ అంతా ఈ సూత్రం మీదనే ఆధారపడి ఉన్నది.

1969లో అమెరికాలోని బెల్ లేబరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలైనవారు యూనిక్స్ వ్యవస్థకు శ్రీకారం చుట్టినారు. అందులో ప్రతి ఫైలుకూ ఐనోడ్ అనే ఒక పద్దు ఉంటుంది. ఫైలు పరిమాణం, యజమాని, అది ఆక్రమించిన ఖండాలు, దానికి ఎన్ని పేర్లున్నవన్న సంఖ్య అందులో ఉంటాయి. పేర్లు మాత్రం డైరెక్టరీ అనే వేరొక పట్టికలో ఉంటాయి. ఖాళీ ఖండాల జాబితా మరొకటి. వీటన్నిటి సారాంశం సూపర్ బ్లాక్ అనే చోట ఉంటుంది.

ఇన్ని లెక్కలూ ఒక్క క్షణంలో మారవు. డిస్కు నెమ్మది, యంత్రపు జ్ఞాపకశక్తి చురుకైనది. అందుచేత యూనిక్స్ మార్పులను ముందు జ్ఞాపకంలో ఉంచుకొని, సుమారు 30 సెకన్లకొకసారి డిస్కుకు ఎక్కించేది. ఈ మధ్యలో విద్యుత్తు పోతే కొన్ని పద్దులు కొత్తవిగా, కొన్ని పాతవిగా మిగిలిపోతాయి. పేరు ఉండి ఫైలు లేకపోవచ్చును. ఫైలు ఉండి పేరు లేకపోవచ్చును. అన్నిటికన్నా ప్రమాదకరమైనది, వాడుకలో ఉన్న ఖండం ఖాళీ జాబితాలో కనిపించడం. అటువంటి డిస్కును అట్లాగే వాడితే కొత్త వ్రాత పాత వ్రాతను తుడిచివేస్తుంది.

తొలిరోజులలో ఈ చిక్కు విప్పడానికి ఐచెక్, డీచెక్ వంటి విడివిడి సాధనాలు ఉండేవి. ఒకటి ఖండాలను లెక్కించేది. మరొకటి పేర్ల సంఖ్యను డైరెక్టరీలతో సరిచూచేది. అవి చూపిన దోషాలను ఏ వరుసలో దిద్దాలో నిర్ణయించేది మాత్రం మనిషే. ఆ లెక్కల నిర్మాణం క్షుణ్ణంగా తెలిసినవాడు లేకపోతే చికిత్స రోగం కంటె ప్రమాదమయ్యేది.

1970ల చివర బెల్ లేబరేటరీస్‌కు చెందిన కోవల్‌స్కీ ఈ పనులన్నిటినీ ఒక్క ప్రోగ్రాములో సమకూర్చినాడు. ‘ఫైల్ సిస్టమ్ చెక్’ అనే మాటలను కుదించి దానికి ఎఫ్.ఎస్.సి.కె. అని పేరు పెట్టినారు. అది అయిదు దశలలో పని చేస్తుంది. మొదట ప్రతి ఐనోడ్‌నూ చదివి, ఒకే ఖండాన్ని రెండు ఫైళ్లు తమదంటున్నవేమో చూస్తుంది. తరువాత డైరెక్టరీలలోని పేర్లు నిజమైన ఫైళ్లనే సూచిస్తున్నవా అని విచారిస్తుంది. మూడవ దశలో మూలం నుండి తెగిపోయిన డైరెక్టరీలను వెదకుతుంది. నాలుగవ దశలో పేర్ల సంఖ్యను సరిచూస్తుంది. చివరకు ఖాళీ ఖండాల లెక్కను పరిష్కరిస్తుంది.

పేరు పోగొట్టుకొన్న ఫైలు దొరికితే ఈ ప్రోగ్రాము దానికి పేరు ఊహించదు. ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ అనే ప్రత్యేకమైన డైరెక్టరీలో, ఐనోడ్ సంఖ్యనే పేరుగా ఉంచుతుంది. తిరునాళ్లలో తప్పిపోయిన బిడ్డను ఒక చోట కూర్చుండబెట్టి తలిదండ్రుల కోసం ఎదురుచూచినట్లు, ఆ ఫైలు యజమాని కోసం కాచుకొని ఉంటుంది. ప్రతి దిద్దుబాటుకు ముందు ‘అవునా, కాదా’ అని మనిషిని అడగడం కూడా దీని పద్ధతి.

1983లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుండి వెలువడిన యూనిక్స్ 4.2లో మెకూసిక్ ప్రభృతులు కొత్త ఫైల్ సిస్టమ్‌ను ప్రవేశపెట్టినారు. సూపర్ బ్లాక్ ప్రతులను డిస్కు పొడుగునా అనేక చోట్ల ఉంచి, డిస్కులోని ఒక పళ్లెం పూర్తిగా చెడినా ఏదో ఒక ప్రతి మిగిలేటట్లు చేసినారు. తనిఖీ ప్రోగ్రామునూ సంస్కరించినారు. యంత్రం హఠాత్తుగా ఆగినప్పుడు సహజంగా కలిగే చిన్న దోషాలను అది తనంతట తానే దిద్దేది. ఊహించని దోషం కనబడితే మాత్రం ఆగి మనిషిని పిలిచేది.

మన ఇండ్లకు కంప్యూటర్లు వచ్చిన కాలానికి ఈ తనిఖీ సామాన్యమైపోయినది. 1993లో ఎం.ఎస్.డాస్ 6.2తో స్కాన్‌డిస్క్ వచ్చినది. కరెంటు పోయి వచ్చిన తరువాత విండోస్ 98 తెర మీద అది నెమ్మదిగా సాగడం చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. దిక్కులేని ముక్కలను అది ‘ఫైల్ 0000’ వంటి పేర్లతో దాచేది.

డిస్కులు పెరిగినకొద్దీ తనిఖీ గంటల పని అయినది. అందుచేత మార్పు చేయబోయే ముందే ఆ సంగతిని చిట్టాలో వ్రాసుకొనే పద్ధతిని అవలంబించినారు. విద్యుత్తు పోయి వచ్చిన తరువాత చిట్టాలోని చివరి పద్దులను చూచుకొంటే చాలును. 1990లో ఐ.బి.ఎం. వారి ఎ.ఐ.ఎక్స్., 1994లో సిలికాన్ గ్రాఫిక్స్ వారి ఎక్స్.ఎఫ్.ఎస్., 2001లో లినక్స్‌లో ఎక్స్‌ట్3 ఈ మార్గంలో వచ్చినవి.

అయినా తనిఖీ సాధనానికి పని తప్పలేదు. చిట్టా ఆగిపోయిన పనిని పూర్తి చేయగలదు గాని, డిస్కే అరిగిపోయినా, ప్రోగ్రాములోనే దోషం ఉన్నా ఏమీ చేయలేదు. మరొక పరిమితి ఇంకా లోతైనది. ఈ తనిఖీ అంతా కవిలెకట్టకే. గాదెలోని గింజకు కాదు. ఉత్తరంలోని అక్షరాలు మారిపోయినా లెక్కలు కుదిరితే ‘అంతా సవ్యం’ అనే అంటుంది. ఒకే ఖండాన్ని రెండు ఫైళ్లు తమదన్నప్పుడు అసలు హక్కుదారు ఎవరో దానికి తెలియదు. 2005లో సన్ మైక్రోసిస్టమ్స్ విడుదల చేసిన జడ్.ఎఫ్.ఎస్. ఈ లోపాన్ని గుర్తించి, ప్రతి ఖండానికీ ఒక సరిచూపు సంఖ్యను జతచేసినది. వ్రాత మారితే సంఖ్య కలియదు. వేరొక మంచి ప్రతి ఉంటే దాని నుండి చెడిన ఖండాన్ని తిరిగి వ్రాయవచ్చును.

ఇక్కడ కూడా దిద్దుబాటుకు ఆధారం రెండవ ప్రతియే. అందుచేత అనుమానం కలిగిన డిస్కును మొదట వాడుక నుండి తప్పించాలి. వాడుతున్న డిస్కును దిద్దబోతే నష్టం ఎక్కువ కావచ్చును. డిస్కే చెడిపోతున్నదని తోచినప్పుడు మరమ్మతుకు ముందే అందినంత మేరకు నకలు తీసుకోవాలి. తనిఖీ సాధనం లెక్కను పొందికగా చేయగలదు గాని, మరెక్కడా లేని వ్రాతను మళ్లీ పుట్టించలేదు. పోగొట్టుకోరాదని మనం తలచేది ఏదైనా, దానికి మరొక చోట మరొక ప్రతి ఉండాలి.