ట్రాక్టర్ ఇగ్నిషన్ వైరింగ్: లోపాల గుర్తింపు

తాళం తిప్పినా ట్రాక్టర్ స్టార్ట్ కాకపోతే, కరెంటు ఎక్కడ ఆగిందో వరుసగా పరీక్షించి తేల్చే పద్ధతి. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతాయి. పొలంలో బండి మొరాయిస్తే మాత్రం పని ఊళ్లోని ఆటో ఎలక్ట్రీషియన్‌దే.

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. ఇక్కడ ఇగ్నిషన్ అంటే 12 వోల్టుల స్విచ్ సర్క్యూట్. బ్యాటరీ కరెంటు ఫ్యూజు, తాళం స్విచ్, క్లచ్ లేదా న్యూట్రల్ సేఫ్టీ స్విచ్ దాటి సోలినాయిడ్‌కు చేరితేనే సెల్ఫ్ మోటారు తిరుగుతుంది.

మొదటి పరీక్షకు మీటరు అక్కర్లేదు. హెడ్‌లైటు వేసి తాళం తిప్పాలి. వెలుగు బాగా తగ్గితే బ్యాటరీనో, టెర్మినళ్లనో చూడాలి. వెలుగు తగ్గకుండా, సోలినాయిడ్ నుంచి టిక్కుమనే శబ్దం కూడా రాకపోతే స్విచ్‌ల వైపు వెతకాలి. సెల్ఫ్ చురుగ్గా తిరిగినా ఇంజిన్ అందుకోకపోతే డీజిల్ సరఫరాతోపాటు, ఆ ఏర్పాటున్న మోడళ్లలో ఇంధన సోలినాయిడ్ వైరును పరీక్షించాలి.

తర్వాత మల్టీమీటరు. పూర్తిగా ఛార్జయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ కొడుతుండగా నెగటివ్ టెర్మినల్‌కూ ఇంజిన్ బాడీకీ మధ్య 0.5 వోల్టు దాటితే ఎర్త్ సరిగా లేనట్టే.

దమ్ము బురద నీళ్లు కనెక్టర్లలో చేరితే రాగి తీగకు పచ్చని చిలుము పడుతుంది. షెడ్డులో నిలిపిన బండి వైర్లను ఎలుకలు కొరుకుతాయి.

సేఫ్టీ స్విచ్‌ను తీగ ముక్కతో కలిపేయడం ప్రమాదకరం: గేరులో ఉన్న ట్రాక్టర్ తాళం తిప్పగానే ముందుకు దూకుతుంది.