టీచర్ నింపిన కాగితం

1980ల్లో యువకుల ఆత్మహత్యలు ఫిన్లాండ్‌ను కలవరపెట్టాయి. 1987 ఏప్రిల్ నుంచి ఏడాదిలో దేశంలో జరిగిన మొత్తం 1,397 ఆత్మహత్యలనూ ఒక్కొక్కటిగా పరిశీలించారు. కానీ అదంతా జరిగిపోయాక వెనక్కి చూడటమే.

ముందుకు చూసే పని 1989లో మొదలైంది. 1981లో పుట్టిన ఐదువేల మందికి పైగా పిల్లల గురించి తల్లిదండ్రులు, టీచర్లు ప్రశ్నావళులు నింపారు. తమ దిగులు సంగతి పిల్లలే చెప్పారు. వాళ్లకు 24 ఏళ్లు వచ్చేదాకా గమనించిన పరిశోధకుడు ఆండ్రె సౌరాండర్ బృందం 2009లో ఫలితాలు ప్రకటించింది. ఆత్మహత్య చేసుకున్న, లేదా తీవ్రంగా ప్రయత్నించి ఆసుపత్రి పాలైన 27 మంది మగవాళ్లలో 78 శాతం మందికి ఎనిమిదేళ్లప్పుడే ఇబ్బందులున్నట్టు పెద్దల జవాబుల్లో కనిపించింది. అదే స్థితిలోని ఆడవాళ్లలో 11 శాతమే! విడిపోయిన కుటుంబం, దుడుకుతనం, నిలకడలేమి, బెంగ మగపిల్లల్లో ముప్పు సంకేతాలయ్యాయి. దుడుకు, బెంగ కలిస్తే మరీ ఎక్కువ.

విచిత్రమేమిటంటే, పిల్లాడు చెప్పుకున్న దిగులు ఆ ముప్పును సూచించలేదు. క్లాసులో టీచర్ గమనించిన ఇబ్బందులు మాత్రం సూచించాయి. అల్లరివాడని బెంచీ ఎక్కించి వదిలేసే పిల్లాడి లోపల బెంగ కూడా ఉండొచ్చన్నమాట. అలాగని భయపడనక్కర్లేదు, అలాంటి పిల్లల్లో అత్యధికులు ఆ దారి పట్టనే లేదు.

ఆ 1,397 ఆత్మహత్యలను పరిశీలించిన జాతీయ నివారణ కార్యక్రమం 1996 దాకా సాగింది. 1990లో శిఖరానికి చేరిన ఆత్మహత్యల రేటు తర్వాతి దశాబ్దాల్లో సగానికి పడిపోయింది.