చెవిగూబకు కాగితపు మాటు

చిల్లిపడిన బిందెకు మాటు వేయుట మన పల్లెల కెఱుకయే. చిల్లిపడిన చెవిగూబకును మాటు వేయవచ్చునని వైద్యులు తెలిసికొనుటకు రెండువందల యేండ్లకు పైగా పట్టినది.

1640వ సంవత్సరమున జర్మనీలో బాంజరు అను వైద్యుడు సన్నని గొట్టమునకు పంది మూత్రాశయపు పొర గట్టి చెవిలో నుంచెను. ఇంగ్లండులో 1841న యర్‌స్లీ దూదియుండను, 1853న టాయిన్‌బీ వెండితీగకు గ్రుచ్చిన రబ్బరుబిళ్లను వాడిరి. ఇవి చెవిలో నున్నంతసేపు వినికిడిని హెచ్చించెనే గాని చిల్లిని పూడ్పలేదు. 1877న బోస్టనులో క్లారెన్సు బ్లేకు చిన్న కాగితపుముక్కను గూబపై నంటించెను. తీగ పందిరి నాధారముగా గొనునట్లు, చర్మము కాగితము వెంబడి ప్రాకి రంధ్రమును మూసెను. 1895న ఓకునెఫ్ అనునాతడు చిల్లియంచును ఆమ్లముతో కాల్చు పద్ధతిని తెలిపెను. మానిన యంచు మరల పచ్చిదైనగాని చర్మము పెరుగదు గదా! 1953న అమెరికాలో డెర్లాకి యంచును కాల్చి మాటు వేయుచు, రోగిని ఆస్పత్రిలో నుంచకయే చికిత్స చేసెను.

నేటికిని చిన్నచిల్లులకు ఈ మార్గము కలదు. కోత లేదు, పలుమారులు వైద్యునికడకు పోవలసియుండును. పెద్దచిల్లికి శస్త్రచికిత్సయే తగును. చెవి పొడిగా లేనిచో ఏ మాటును నిలువదు.

కావున మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల పెద్దలారా! చీము కారు చెవిలో కాచిన నూనెగాని ఆకుపసరుగాని పోయనీయకుడు. అట్టి బిడ్డను కంభము చెరువున మునుగనీయక, చెవివైద్యునికి జూపుడు. వినికిడి చెడిన బిడ్డకు చదువును చెడును.