కంట్లో కండ, కన్నీటి పొర

కంట్లో కండ పెరిగిందని మన ఊళ్లలో చెప్పుకునే జబ్బును డాక్టర్లు టెరీజియం అంటారు. ఎక్కువగా ముక్కువైపు తెల్లగుడ్డు మీద మొదలై, రెక్కలా నల్లగుడ్డు పైకి పాకే పొర అది. ఎండలో, దుమ్ములో పనిచేసేవాళ్లకే ఎక్కువ. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన సర్వేలో, 30 ఏళ్లు దాటినవారిలో నూటికి పదిమందికి పైగా ఇది కనిపించింది. దీన్ని కోసి తీయడం చాలా పాత విద్య. ఆ కోతకూ కన్నీటికీ ఉన్న సంబంధాన్ని వైద్యులు తొలినాళ్లలోనే గమనించారు. తర్వాత చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు.

సుశ్రుతుడు దీన్ని అర్మ అన్నాడు, అయిదు రకాలు చెప్పాడు. ఆయన చెప్పిన పద్ధతి చదువుతుంటే ఎదురుగా నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. రోగికి నెయ్యి కలిపిన భోజనం పెట్టి కూర్చోబెట్టాలి. కంట్లో ఉప్పు పొడి చల్లి పొరను రేపాలి, కాపడం పెట్టాలి. చూపు కణతవైపు తిప్పించి, ముడత పడినచోట కొక్కెం తగిలించి, సూదీదారంతో పైకెత్తాలి. మండలాగ్ర శస్త్రంతో నల్లగుడ్డు నుంచీ తెల్లగుడ్డు నుంచీ విడదీస్తూ ముక్కువైపు మూలదాకా తేవాలి. అక్కడ చెయ్యి ఆగాలి, నాలుగో వంతు వదిలేయాలి. మూల దెబ్బతింటే రక్తం కారుతుంది, నాడీవ్రణం (గొట్టంలా లోతుకు దిగే పుండు) పడుతుంది. తక్కువ కోస్తే కండ త్వరలోనే మళ్లీ పెరుగుతుంది.

క్రీస్తుశకం ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ కూడా కొక్కెం, సూదీదారాల పద్ధతే రాశాడు. మూలలోని కండ కూడా తెగితే కంటినుంచి నీరు ఎప్పటికీ కారుతూనే ఉంటుందని హెచ్చరించాడు. కన్నీరు ముక్కులోకి దిగే దారి ఆ మూలలోనే ఉంది. అంటే ఆనాటి భయం కన్నీరు ఎక్కువవుతుందని.

20వ శతాబ్దానికి వచ్చేసరికి సర్జన్ల దృష్టంతా కండ తిరిగి పెరగడం మీదే. 1948లో ఆస్ట్రేలియా వైద్యుడు డోంబ్రెయిన్ కండ తీసినచోట తెల్లగుడ్డును కప్పకుండా వదిలేసే పద్ధతిని వివరించాడు. పని సులువే, కానీ చాలామందిలో కండ మళ్లీ వచ్చేది. 1960లలో జపాన్‌లో మైటోమైసిన్ మందు వాడి చూశారు. దానివల్ల కొందరిలో తెల్లగుడ్డే పలచబడి కరిగిపోయిన సందర్భాలు ఉన్నాయి. 1985లో కెన్యన్ బృందం, అదే రోగి కంటి పైభాగం నుంచి పలచటి పొర తీసి ఖాళీచోట అతికించిన ఫలితాలను ప్రకటించింది. కండ తిరిగి రావడం బాగా తగ్గింది. ఇంత కృషి జరిగినా, ఆపరేషన్ తర్వాత కన్ను మంటగా ఉందని, ఇసుక పడ్డట్టు గరగరలాడుతోందని రోగి చెప్పేది లెక్కలోకి రాలేదు. నా దృష్టిలో ఆ చరిత్రలో పెద్ద లోటు ఇదే.

అవి కన్నీటి పొర చెడిన గుర్తులు కావచ్చు. దాన్ని కొలిచే సాధనాలు లేక కాదు. కింది రెప్పలో కాగితం పట్టీ ఉంచి, అయిదు నిమిషాల్లో ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూసే పరీక్షను షిర్మర్ 1903లోనే చెప్పాడు. కానీ ఆ కాగితం కన్నీరు ఎంత ఊరుతోందో చెబుతుంది గానీ, కంటిమీద ఎంతసేపు నిలుస్తోందో చెప్పదు. దానికి 1969లో నార్న్ వివరించిన పరీక్ష ఉంది. ఫ్లోరెసీన్ రంగు వేసి, రెప్ప ఆర్పకుండా ఉంచి, నీలి వెలుగులో చూస్తూ కన్నీటి పొర చిట్లేదాకా సెకన్లు లెక్కపెడతారు. పది సెకన్లలోపే చిట్లితే పొర నిలకడగా లేనట్టు.

కండ ఉన్న కంట్లో చాలాసార్లు జరిగేది అదే. కండ ఎత్తుగా ఉండటంతో రెప్ప కన్నీటిని సమంగా పూయలేదు. జిగురునిచ్చే గోబ్లెట్ కణాలూ తీరు తప్పుతాయి. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో కండ తీశాక కన్నీటి పొర నిలకడ మెరుగైంది, కండ తిరిగి పెరిగినవాళ్లలో మళ్లీ దిగజారింది. 2013 నాటి మరో అధ్యయనం కన్నీటి గాఢతను కొలిచి అదే ధోరణిని చూపింది. కండ తిరిగి రాకుండా చేసిన అతుకు కన్నీటికీ మేలు చేసిందన్నమాట. కళ్లు పొడిబారడం వల్ల కండ పెరుగుతుందా, కండ వల్లే పొడిబారుతాయా అన్నది ఇంకా తేలలేదు. అందుకే కత్తి పట్టకముందు ఒకసారి, మానాక ఒకసారి ఆ సెకన్లు లెక్కపెట్టడం అవసరం.